నాన్నగారి పాత మారుతీని ఉంచుకోవాలా? నా కార్ల అనుభవంతో ఒక జవాబు

వనపర్తి నుంచి ఒక యువకుడు అడిగారు. ఇంట్లో నాన్నగారి 1998 మోడల్ మారుతీ 800 ఉందట. వయసు మీద పడి ఆయన నడపడం మానేశారు. కారు ఏడాదికి పైగా షెడ్డులోనే ఉంది. తుక్కుకు ఇచ్చేయాలా, బాగు చేయించి ఉంచుకోవాలా అన్నది ప్రశ్న. పాత కార్లు నడిపినవాళ్లు తమకు గుర్తుండిపోయిన కార్ల సంగతులు కూడా చెప్పమన్నారు.

ఉంచుకోండి బాబూ. కాకపోతే షెడ్డులో ఉంచకండి, రోడ్డు మీద ఉంచండి. కదలని కారుకు తుప్పు, ఎలుకలు రెండూ తోడవుతాయి. వారానికోసారి నడిపే ఓపిక మీకు ఉంటే ఉంచుకోండి, లేకపోతే నడిపేవాళ్లకు ఇవ్వండి. తుక్కు ఆలోచన చివరిది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే దాని వెనుక నా కార్ల కథ ఉంది. నేను పశువైద్యుడిగా పని చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే గడిచింది. దేవరకొండ, అచ్చంపేట, హాలియా, చివరికి నల్లగొండ. మనుషుల డాక్టరు దగ్గరికి రోగి నడిచి వస్తాడు. ఈనలేక అవస్థ పడుతున్న బర్రెను ఎవరూ ఆస్పత్రికి తోలుకురాలేరు, మనమే పోవాలి. ఆ పని కోసమే కారు కొన్నాను, ఆ పనిలోనే కార్లను తెలుసుకున్నాను. కారు మనసులో నిలిచిపోవడానికి దాని ధర, వేగం పెద్దగా పనికిరావని నా నమ్మకం. దాని మీద మన చేతులు ఎంత పని చేశాయి, అది మనల్ని ఎవరెవరి వాకిళ్ల ముందుకు చేర్చింది అన్నవే నిలుస్తాయి.

మొదటిది ఫియట్. కాగితాల్లో ప్రీమియర్ పద్మిని, జనం నోట చివరిదాకా ఫియటే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారు చేసిన బండి. ఇటలీ వాళ్ల ఫియట్ 1100 దానికి మూలం. 1089 సీసీ పెట్రోలు ఇంజన్, నాలుగు సిలిండర్లు, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ. నేను కొన్నది అప్పటికే చేతులు మారినది, లేత నీలం రంగు. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన లైసెన్సుల కాలం అది. అందువల్ల పాత బండికి విలువ ఉండేది, దాన్ని బాగు చేయగల చేతులకు గౌరవం ఉండేది.

దేవరకొండలో మా మేస్త్రీ ఒకరు ఉండేవారు. బడి చదువు పెద్దగా లేదు. బండి వాకిట్లో ఆగేసరికే ఏ ప్లగ్గు మండటం లేదో శబ్దం విని చెప్పేవారు. ఆ తర్వాత నాకు నమ్మకం కలగడానికి ఒక్కో ప్లగ్గు తీగ ఊడదీసి చూపించేవారు. మండుతున్న ప్లగ్గు తీగ తీస్తే ఇంజన్ తడబడుతుంది. మండనిదాని తీగ తీస్తే ఏ తేడా ఉండదు. ఆవుకు కడుపు ఉబ్బితే డొక్క మీద తట్టి వినే పద్ధతి నాకు కాలేజీలో నేర్పారు. ఇంజన్‌ను వినే పద్ధతి ఆయన నేర్పారు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లను గరుకు కాగితంతో రుద్దడం, వాటి సందు సరిచేయడం, కార్బ్యురేటర్ జెట్టు విప్పి నోటితో ఊది మట్టి తీయడం, ఫ్యాను బెల్టు బిగువు బొటనవేలితో నొక్కి చూడడం, ఇవన్నీ ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నవే. ఇప్పటికీ ఏ కారు పక్కనుంచి పోయినా ముందు నా చెవి అటు తిరుగుతుంది.

మే నెలలో దేవరకొండ, చింతపల్లి వైపు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు తెలుసు. ఆ కాలపు బండ్లలో పెట్రోలు పంపు ఇంజన్‌కే ఆనుకుని, ఇంజన్ తిప్పితేనే తిరిగేది. ఎండ, ఇంజన్ వేడి కలిసి గొట్టంలోనే పెట్రోలును ఆవిరి చేసేవి. అప్పుడు పంపు ఆవిరినే నలుపుతూ ఉండిపోతుంది తప్ప కార్బ్యురేటర్‌కు చుక్క చేరదు. అలాంటి పంపు ఉన్న బండ్లన్నిటికీ ఉన్న లక్షణమే ఇది. దానికి మందు తడిగుడ్డ. పంపు చుట్టూ తడిగుడ్డ చుట్టి కాసేపు ఆగితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, బండి మళ్లీ కదులుతుంది. ఆ రోడ్ల మీద నడిచే ప్రతి ఫియట్‌లోనూ ముందు సీటు కింద ఒక పాత గుడ్డ, నీళ్ల డబ్బా ఉండేవి.

ఒకసారి డిండి దాటాక బండి అలా ఆగింది. డబ్బాలో నీళ్లు అయిపోయాయి. రోడ్డు పక్క చల్క భూమిలో గొర్రెలు కాస్తున్న పెద్దమనిషి ఒకరు వచ్చి చూశారు. భుజానికి వేలాడుతున్న సొరకాయ బుర్ర విప్పి, సాయంత్రం దాకా తాను తాగాల్సిన నీళ్లలో సగం గుడ్డ మీద పోశారు. గుడ్డ నుంచి పొగలు లేచాయి. బండి చల్లబడేదాకా ఆయన మందలో చిటుక రోగం వచ్చి పోతున్న గొర్రెల గురించి మాట్లాడుకున్నాం. మర్నాడే ఐసు పెట్టెలో టీకా మందు పెట్టుకుని ఆయన మంద దగ్గరికి వెళ్లాను. బండి ఆగకపోతే ఆ మంద సంగతి నాకు తెలిసేదే కాదు. ఫియట్ అనగానే నాకు ఆ సొరకాయ బుర్రే ముందు గుర్తొస్తుంది.

ఫియట్ ఇంకో పని కూడా చేసింది. కరెంటు ఉండీ లేని రోజులవి. రాత్రిపూట పిలుపు వస్తే బండిని పశువుల కొట్టం ముందు వరకు తెచ్చి, హెడ్‌లైట్లు లోపలికి పడేలా నిలిపేవాణ్ని. నా బండికి డైనమో ఉండేది. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే అది కరెంటు చాలినంత పుట్టించదు, లైట్లు మసకబారతాయి. అందుకని బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఆ ఇంటి పిల్లవాణ్ని డ్రైవరు సీటులో కూర్చోబెట్టి ఎక్సలేటర్ మీద కాలు కొద్దిగా ఆనించమనేవాణ్ని. లోపల నా చెయ్యి భుజం దాకా బర్రె గర్భంలో ఉండేది, దూడ కాలు మడిచి ఉంటే సరిచేస్తూ. బయట ఆ పిల్లవాడు ఇంజన్ శబ్దం తగ్గకుండా, పెరగకుండా పట్టుకుని కూర్చునేవాడు. వెలుగు కాస్త తగ్గితే చాలు, ముసలమ్మ కేక వేసేది. దూడ బయటపడ్డాక ఆ పిల్లవాడు దిగివచ్చి ముందు దూడను చూసేవాడు, తర్వాత బండి బానెట్ మీద చెయ్యి వేసి నిమిరేవాడు. అలా కూర్చున్న పిల్లల్లో ఒకరు ఇప్పుడు లారీల యజమాని. నల్లగొండలో కనబడితే డాక్టర్ సాబ్, ఫియట్ ఏమైందని అడుగుతారు.

శ్రీశైలం రోడ్డు గురించి కూడా రెండు మాటలు. మన్ననూరు అటవీ గేటు దాటితే అడవి, దోమలపెంట దాటితే దిగుడు, కృష్ణ దాటగానే ఎక్కుడు. ఫియట్ ఆ ఎక్కుడులో రెండో గేరులో ఓపికగా పోయేది. రేడియేటర్ కాగితే బండరాయి నీడన ఆపి, మూత జోలికి పోకుండా వేడి తగ్గేదాకా ఆగాలి. కాగుతున్న రేడియేటర్ మూత విప్పితే నీళ్లు ఎగిసి ముఖాన పడతాయి, ఆ గాయాలు చూసినవాణ్ని. ఘాట్ ఎక్కడం ఓపికతో కూడిన పని అని ఆ బండి నడిపినవాళ్లందరికీ తెలుసు.

తర్వాతది మారుతీ 800, మీ నాన్నగారిదీ అదే కాబట్టి దీని గురించి వివరంగా చెబుతాను. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించారు. బుకింగులు లక్ష దాటి, లాటరీ తీసి ఇచ్చిన కాలం అది. మా వైపు మామూలు ఉద్యోగుల చేతికి ఈ కారు రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. నేను కొన్నది 1990లలో, నల్లగొండ జిల్లా ఏపీ 24 నంబరు పలకతో, తెల్లరంగు. నా జీవితంలో మొదటిసారి కొత్త కారు.

మొదటి రోజు మా మేస్త్రీ దాని బానెట్ ఎత్తి చాలాసేపు చూశారు. ఫియట్‌లో ఇంజన్ పొడవుగా కూర్చుంటే ఇందులో అడ్డంగా కూర్చుంది. మూడే సిలిండర్లు, 796 సీసీ. ఇంజన్ బలమంతా ముందు చక్రాలకే పోతుంది, వెనక్కి పోయే ఇనుప కడ్డీ లేదు, అందుకే నేల చదునుగా ఉంది. బండి మొత్తం బరువు 650 కిలోల దగ్గర. ఆయన తాళం తిప్పారు. మొదటిసారికే అంటుకుంది. మళ్లీ ఆపి, మళ్లీ తిప్పారు. దీనికి నేనేం చేయాలి డాక్టర్ సాబ్ అన్నారు. చేసే పని ఉంది, లేకపోలేదు. ఏడాది తిరిగేసరికి ఆయన దాని కార్బ్యురేటర్ కళ్లు మూసుకుని విప్పేవారు. కానీ ఆ రోజు ఆయన గొంతులో వినిపించినది ఒక కాలం మారుతున్న సంగతి.

పని పరంగా ఆ కారు నాకు చేసినంత మేలు మరేదీ చేయలేదు. ఆవులకు, బర్రెలకు కృత్రిమ గర్భధారణ చేయడానికి వీర్యాన్ని ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల చలిలో దాచి తీసుకెళ్లాలి. ఆ జాడీ ఒరిగితే నత్రజని ఒలికిపోతుంది. ఒలకకపోయినా ఆవిరి వస్తూనే ఉంటుంది, అది కారులో గాలిని పక్కకు నెట్టేస్తుంది. అందుకని అద్దాలు కాస్త దించే నడపాలి. మారుతీ వెనుక సీటు తీయించి, జాడీ పట్టేంత చెక్క గూడు చేయించాను. చుట్టూ గోనెసంచి మడతలు. హాలియా నుంచి సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లకు, గుంతల రోడ్డు మీద, జాడీ గలగలమనకుండా నడపడం ఒక విద్య. గుంతలోకి చక్రం దిగేముందే బ్రేకు వదిలేయాలి. బ్రేకు పట్టి ఉంటే బండి ముందు భాగం వంగి ఉంటుంది, స్ప్రింగులో కుదుపును మింగే చోటు మిగలదు. ఇప్పుడు కొత్త కార్లు నడిపేవాళ్లకూ ఇదే చెబుతాను.

నాట్ల కాలంలో ఆ ఊళ్ల దారులు చక్రాలను మింగేవి. పన్నెండు అంగుళాల చిన్న చక్రాలు నల్లరేగడిలో దిగితే వాటంతట అవి బయటికి రావు. కానీ ఈ బండికి బరువు లేదు. మడిలో నాటు వేస్తున్నవాళ్లు నలుగురు, మోకాళ్ల దాకా బురదతోనే వచ్చి, ముందు భాగం చేతులతో ఎత్తి గట్టి నేల మీద పెట్టేవాళ్లు. అదే అంబాసిడర్ అయితే ట్రాక్టరు తెప్పించాల్సిందే. చేతులతో ఎత్తగలిగిన కారు మీద ఊరివాళ్లకు ఒక చనువు ఏర్పడుతుంది. మా కారు అనేవాళ్లు దాన్ని.

ఇంట్లో అది నాకన్నా మా ఆవిడ కారు. ఆమె ఉపాధ్యాయురాలు. నల్లగొండలో నాగార్జున కాలేజీ మైదానంలో పొద్దున్నే నేర్చుకుంది. కనగల్ వైపు ఒక ఊరి బడికి రెండు బస్సులు మారి పోయే మనిషి, నేర్చుకున్న కొన్ని నెలలకే తానే నడుపుకుంటూ పోవడం మొదలుపెట్టింది. అప్పట్లో మా వైపు ఆడవాళ్లు కారు నడపడం అరుదు. బడి గేటు దగ్గర ఆడపిల్లలు వరుసగా నిలబడి చూసేవాళ్లు. ఆమె వాళ్లను ఊరికే చూడనివ్వలేదు. సాయంత్రం బడి వదిలాక పైతరగతి పిల్లలను ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని క్లచ్ అంటే ఏమిటో, గేరు ఎందుకు మారుస్తామో చెప్పేది. సైన్సు పాఠంలో పళ్ల చక్రాలు వచ్చిన రోజు బానెట్ ఎత్తించి మరీ చూపించింది. ఆ కారు గొప్పతనం ఏమిటని నన్ను అడిగితే ఇదే చెబుతాను. నడిపేవారి కండబలం మీద ఆధారపడని స్టీరింగ్, తేలికైన క్లచ్, ఇరుకు సందులో తిరగగల చిన్న ఒళ్లు. మన చిన్న పట్టణాల్లో చాలామంది ఆడవాళ్ల చేతికి స్టీరింగ్ అందించిన బండి అది.

2010లో బండ్ల పొగ కాలుష్యం తగ్గించే భారత్ స్టేజ్ 4 నిబంధనలు 13 నగరాల్లో అమల్లోకి వచ్చినప్పుడు హైదరాబాదులో కొత్త 800 అమ్మకం ఆగిపోయింది. మన జిల్లాల్లో మాత్రం ఇంకొన్నేళ్లు దొరికింది. 2014 జనవరిలో తయారీ ఆపేశారు. అదే ఏడాది మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ కూడా ఆగింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది, ఏపీ 24 పోయి టీఎస్ 05 వచ్చింది. నేను నడిపిన రెండు బండ్లు, నేను రాసుకున్న నంబరు పలక, మూడూ ఒకే ఏడాదిలో చరిత్రలోకి వెళ్లాయి.

అంబాసిడర్ మా ఇంట్లో మారుతీతో పాటే కొంతకాలం ఉంది. ప్రభుత్వ వేలంలో కొన్న బండి. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దాని పుట్టుక, 1957 నుంచి మన దేశంలో తయారైంది. వెనుక కమాను పట్టీలు, ముందు మెలితిరిగే కడ్డీలు, ఏ గుంతనూ లెక్కచేయని నడక. అమ్మానాన్నలు, పిల్లలు, మేనల్లుళ్లు, పులిహోర గిన్నెతో సహా యాదగిరిగుట్టకు పోవాలంటే అదే. కూర్చుని తలపాగా తీయనక్కర్లేని కారు అని మా నాన్న దాన్ని మెచ్చుకునేవారు. పెళ్లిళ్లకు ఊరంతా దాన్నే అడిగేది. చెరువుగట్టు కొండ ఎక్కేటప్పుడు దాని ఇంజన్ ఊపిరి నాకు ఇష్టం. ప్రేమించాను గానీ, దానితో నాకు ఫియట్‌తో ఉన్నంత చుట్టరికం కలగలేదు. దాని పనులన్నీ డ్రైవరు చూసుకునేవాడు, అందుకేనేమో.

తర్వాత ఇండికా డీజిల్. మారుతీ జెన్ అంత ఒళ్లు, అంబాసిడర్ అంత లోపలి చోటు, డీజిల్ ఖర్చు, ఈ మూడూ కలవాలని రతన్ టాటా అడిగి చేయించిన కారు. 1998 జనవరిలో ఢిల్లీ ప్రదర్శనలో చూపించి, ఆ ఏడాది చివర్లో అమ్మకానికి తెచ్చారు. మన దేశంలో మనవాళ్లే సంకల్పించి తయారు చేసిన కారు అని నాకు గర్వంగా ఉండేది, ఇప్పటికీ ఉంది. నల్లగొండ నుంచి హైదరాబాదుకు ఐదుగురం కూర్చుని పోయినా డీజిల్ లెక్క చూసుకుని సంతోషించిన రోజులవి. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పోయే ఆ రోడ్డు అప్పటికి ఇంకా నాలుగు వరుసలు కాలేదు. ఎదురుగా లారీ దీపాలు, పక్కన ఎడ్లబండి. ఇప్పుడు ఆ దారిలో నిద్రపోతూ పోతున్నారు పిల్లలు.

ఇప్పుడున్నది స్విఫ్ట్ డీజిల్. 1248 సీసీ ఇంజన్, దాని రూపకల్పన ఫియట్ వాళ్లది, లైసెన్సు మీద మన దేశంలోనే మానేసర్‌లో తయారైంది. ఫియట్‌తో మొదలైన నా ప్రయాణం ఫియట్ ఇంజన్ దగ్గరే ఆగడం నాకు బాగుంది. చక్కని కారు. బలం, పొదుపు, నమ్మకం, అన్నీ ఉన్నాయి. కానీ నూనె కొలత చూడడానికి తప్ప నేను దాని బానెట్ ఎత్తిన సందర్భం గుర్తులేదు. దాని గురించి మనవళ్లకు చెప్పడానికి నా దగ్గర ఒక్క కథా లేదు. ఇందులో కారు తప్పేమీ లేదు. నా చేతులకు అది పని చెప్పలేదు, అంతే.

మీ 800 దగ్గరికి వద్దాం. ముందు కాగితాలు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 1998 బండికి 2013లో, 2018లో, 2023లో పొడిగించి ఉంటే 2028 వరకు చెల్లుతుంది. ఆర్‌సీ తీసి తేదీ చూడండి. గడువు దాటితే ఆలస్యానికి నెలల లెక్కన అదనంగా కట్టాలి. పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 రూపాయలైంది, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. హరిత పన్ను దీనికి అదనం. పాత కార్లను తిరగనివ్వరట కదా అని భయపడేవాళ్లు చాలామంది. పెట్రోలు బండికి 15 ఏళ్లు, డీజిల్ బండికి 10 ఏళ్లు అన్న ఆంక్ష ఢిల్లీ పరిసర ప్రాంతానిది. మన దగ్గర తనిఖీలో నెగ్గిన కారు తిరగవచ్చు.

తర్వాత అడుగు భాగం. కాళ్ల దగ్గర పరచిన మ్యాట్లు, వాటి కింది గుడ్డ పూర్తిగా ఎత్తి చూడండి. స్క్రూడ్రైవర్ మొనతో నేల రేకును నొక్కండి. మొన దిగిపోతే రేకు మార్చాలి. ముందు షాక్‌లు బిగించే చోటు, బ్యాటరీ పళ్లెం కింద కూడా అలాగే చూడండి. షాక్ బిగించే చోట తుప్పు లోతుగా తింటే ఖర్చు పెరుగుతుంది. ఆ ఒక్క విషయంలో మాత్రం మంచి రేకు పనివాడి మాట వినే నిర్ణయించుకోండి. ఇంజన్ ఎంత చెడినా బాగవుతుంది. ఒళ్లు పోతే కష్టం.

ఏడాదికి పైగా నిలిచిన బండిని ఊరికే తాళం తిప్పి స్టార్ట్ చేయకండి. పాత పెట్రోలు మొత్తం దించేయండి. అది జిగురుగా మారి కార్బ్యురేటర్ జెట్లను మూసేసి ఉంటుంది. మూడు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొన్ని చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి, ఇంజన్‌ను ముందు చేత్తో తిప్పించండి. సులువుగా తిరిగితే సగం గండం గడిచినట్టే. వైర్లను ఎలుకలు కొరికాయేమో టార్చిలైటుతో ఒక్కోటి చూడండి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో నాన్నగారికి గుర్తులేకపోతే మార్చేయండి. అది తెగితే బండి ఎక్కడున్నదక్కడే నిలిచిపోతుంది. టైర్లు పైకి బాగున్నట్టే ఉంటాయి. పక్కగోడ మీద చివరి నాలుగంకెలు చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పగుళ్లున్న పాత టైర్లతో 44వ జాతీయ రహదారి ఎక్కవద్దు. చక్రాల దగ్గరి బ్రేకు సిలిండర్లు బిగుసుకుని ఉంటాయి, నాలుగూ విప్పించి చూడాలి. మలుపు తిప్పేటప్పుడు ముందు చక్రం దగ్గర టక్‌టక్ మంటే యాక్సిల్ జాయింటు అరిగినట్టు.

ఇంకోటి, ఈమధ్య కొత్తగా వచ్చింది. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. 1998 నాటి రబ్బరు గొట్టాలు, కార్బ్యురేటర్ వాషర్లు దానికోసం చేసినవి కావు. మెత్తబడి, ఉబ్బి, కారతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారడం ప్రమాదం. అందుకని ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించండి. పెద్ద ఖర్చేమీ కాదు. బండిని వాడని వారాల్లో ట్యాంకు ఖాళీగా వదలకండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో ఖాళీ ఎక్కువైతే తేమా ఎక్కువే చేరుతుంది.

విడిభాగాల గురించి దిగులు వద్దు. పాతిక లక్షలకు పైగా తయారైన కారు ఇది. మహబూబ్‌నగర్‌లో దొరకనిది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది. దొరకనిది ఒకటే, కార్బ్యురేటర్ తెలిసిన చెయ్యి. కొత్తగా నేర్చిన కుర్రవాళ్లు కంప్యూటర్ పెట్టి చూస్తారు, దీనికి అది పెట్టే చోటే లేదు. మీ ఊళ్లో యాభై దాటిన మెకానిక్ ఎవరున్నారో నాన్నగారిని అడగండి, ఆయనకు తప్పక తెలిసి ఉంటుంది. ఆ మెకానిక్ పని చేసే రోజు మీరు సెలవు పెట్టి పక్కన నిలబడండి. పానా అందించండి, కార్బ్యురేటర్ విప్పాక ఏ జెట్టు ఏ పని చేస్తుందో అడిగి తెలుసుకోండి.

అన్నీ అయ్యాక మొదటిసారి రోడ్డెక్కించేటప్పుడు నాన్నగారిని పక్క సీటులో కూర్చోబెట్టుకుని వనపర్తి నుంచి పెబ్బేరు దాకా మెల్లగా పోయి రండి. ఆ కారులో ఏ శబ్దం మామూలో, ఏది కొత్తదో ఆయన చెవికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ఆయన ఆపమంటే ఆపండి, బానెట్ ఎత్తమంటే ఎత్తండి. అడుగు రేకు ఎలా ఉందో, ఆర్‌సీ గడువు ఎప్పటిదాకా ఉందో రాస్తే తర్వాత ఏ పని ముందు చేయించాలో చెబుతాను.